పట్టు ముక్కలతో అక్షరం చార్ములు కుట్టాలి, పోగులు ఊడిపోతున్నాయి, ఎట్టా?

కావలి పీకో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంట్లోనే ఫాల్స్, పీకో, జాకెట్లకు హెమ్మింగు చేస్తుంటాను. మిషను మీద పదిహేనేళ్ళ చెయ్యి. చేతిసూదితో అయితే హుక్కులు, కాజాలు, ఫాలు అంచు, అంతే. ఎంబ్రాయిడరీ అంటే హైస్కూల్లో రుమాలు మీద ఒక గులాబి పువ్వు కుట్టాను. అది కూడా సగమే.

విషయం ఏందంటే, మా ఆడబిడ్డ కూతురికి వచ్చే నెల ఓణీల ఫంక్షన్. పాప తొమ్మిది చదువుతోంది. వచ్చే స్నేహితురాళ్ళకీ, చిన్నాన్న పెదనాన్న పిల్లలకీ స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు ఇవ్వద్దంట. స్కూలు బ్యాగు జిప్పుకు తగిలించుకునే చిన్న గుడ్డ చార్ములు కావాలంట. ఒక్కోదాని మీద ఆ పిల్ల పేరులో మొదటి అక్షరం ఉండాలి, అదీ తెలుగులో. ఇంగ్లీషులో వేస్తే సగం మందికి "S" అక్షరమే వస్తుంది అంది, ఆ మాట నిజమే. మొత్తం 26. గుడ్డ కూడా బయటిది కాదు, తన పరికిణీ కుట్టగా మిగిలిన పట్టు ముక్కలే. చిలకపచ్చ ఒళ్ళు, వంకాయరంగు అంచు. "అత్తా, నువ్వే చేత్తో కుట్టాలి, మిషను వద్దు" అని ఒట్టు వేయించుకుంది. ఆ పిల్ల అడిగితే నేను కాదనలేను.

ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. ముందు ఒకటి కుట్టి చూద్దామని మా వాడి స్కూలు బ్యాగుకు చేశాను. పౌడరు డబ్బా మూత పెట్టి రెండు గుండ్రాలు కత్తిరించాను. ఒకదాని మీద గొలుసుకుట్టుతో "ప" కుట్టాను. రెండూ కలిపి తిరగేసి కుట్టి, దూది కూరి, పైన చిన్న బొందు వేసి తగిలించాను. చూడటానికి బానే ఉందనుకున్నా. మూడో రోజుకి అంచుల్లో పోగులు బయటికొచ్చి గడ్డం మొలిచినట్టయింది. ఐదో రోజు బొందు ఊడి ఎక్కడో పడిపోయింది, బొందు ఉన్నచోట చిల్లు మిగిలింది. అన్నిటికంటే ఘోరం, వాడి క్లాసు పిల్లలు "వ ఎవర్రా" అని అడిగారంట. నేను కుట్టింది "ప" అయితే దారం లావుగా పడి తలకట్టు ఒంటికి అతుక్కుపోయి "వ" అయి కూర్చుంది. మా వాడు ఇంక దాన్ని బ్యాగుకు తగిలించనివ్వలేదు.

26లో "శ్రీ" నాలుగున్నాయి. "జ్ఞా" ఒకటి. తలచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి.

మా అత్తగారేమో పక్కన కూర్చుని "ఎవరికే ఇన్ని తాయెత్తులు, లోపల ఏం పెడుతున్నావు" అంటారు. దూదేనత్తా అంటే నమ్మరు.

పట్టు పోగులు ఊడకుండా ఏం చెయ్యాలి? అంగుళం ఎత్తులో తెలుగు అక్షరం తెలిసేలా కుట్టాలంటే ఏ కుట్టు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఒంగోలు టీచరమ్మ

అమ్మాయ్, నేను ఒంగోల్లో ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకి కుట్లు నేర్పి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నదాన్ని. నీ పోస్టు సగం చదివేసరికే తప్పెక్కడో తెలిసిపోయింది. ముందు కత్తిరించావు, తర్వాత అక్షరం కుట్టావు. మిషను వాళ్ళందరికీ ఉండే అలవాటే అది. జాకెట్టుకి సరే గానీ ఎంబ్రాయిడరీకి పనికిరాదు. అక్షరం ముందు, కత్తెర తర్వాత. మూతంత ముక్క ఫ్రేములో నిలవదు. చేత్తో పట్టుకుని కుడితే గుడ్డ ముడుచుకుంటుంది. నువ్వు లాగుతావు, అది మళ్ళీ ముడుచుకుంటుంది. నీ "ప"కి సగం జబ్బు అక్కడే.

ముక్కలు చిన్నవి, ఫ్రేముకి చాలవు అంటావేమో. పాత పంచె ముక్క ఒకటి తీసుకో. దాని మీద పట్టు ముక్క పరిచి చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో టాకా వెయ్యి. ఇప్పుడు పంచెను ఫ్రేముకి బిగించు. అక్షరం కుట్టే చోట వెనక నుంచి పంచె గుడ్డను మాత్రం జాగ్రత్తగా కత్తిరించి తీసెయ్యి. చింకి గుడ్డ కదా అని అలాగే వదిలేస్తే మందం పెరిగి తర్వాత మడత పడదు.

పోగుల సంగతి. జాకెట్టు మెడకు పేస్టింగు వేస్తావు కదా, ఇస్త్రీ వేడికి అంటుకునే గుడ్డ, దాన్లో బాగా పల్చనిది అడిగి తెచ్చుకో. కత్తెర పెట్టకముందే పట్టు వెనక అంటించు. ఇస్త్రీపెట్టె రుద్దకు, ఎత్తి ఎత్తి పెట్టు. రుద్దితే పట్టు పోగు పక్కకి జరిగి అలలు పడతాయి. పైన పల్చటి నూలుగుడ్డ వేసుకో. పేస్టింగు పట్టుకున్న పట్టుకి కత్తెర పెట్టి చూడు, కాగితం కోసినట్టు తెగుతుంది.

ఇంక అక్షరం. గొలుసుకుట్టు నింపడానికి మంచిది, రాయడానికి కాదు. ఒక్కో గొలుసు రెండు దారాల వెడల్పు ఉంటుంది. అంగుళం అక్షరంలో "ప"కి, తలకట్టుకి మధ్య ఉండే సందు ఎంత? బియ్యపు గింజ మందం. ఆ సందు పూడిపోతే అది "వ"నే. మన అక్షరాల్లో ఆ ఒక్క ఖాళీయే ప్రాణం. కాడకుట్టు వెయ్యి. యాంకర్ దారం లచ్చిలో ఆరు పోగులుంటాయి, అందులో రెండే తీసుకో. ఆరూ వేశావు కదూ? నాకు తెలుసు.

కాడకుట్టు మర్చిపోయి ఉంటే చెబుతున్నా. సూది ఒక గింజంత ముందుకు దించి, సగం వెనక్కి, పాత కుట్టు పక్కనుంచే పైకి తియ్యి. దారం ఎప్పుడూ ఒకే పక్కన, నీ వైపే పడి ఉండాలి. ఒకసారి అటు, ఒకసారి ఇటు పడితే తాడు పేట విడిపోయినట్టు కనిపిస్తుంది. గుండ్రం తిరిగే చోట కుట్టు సగానికి తగ్గించు. మన లిపిలో తిన్నగా పోయేది ఏముంది, అంతా గుండ్రమే, కాబట్టి దాదాపు అంతా చిన్న కుట్లే. తలకట్టు మాత్రం విడిగా, దారం తెంపి మళ్ళీ మొదలుపెట్టి కుట్టు. వెనక నుంచి దారం లాక్కుపోతే పల్చటి గుడ్డలో నీడ కనిపిస్తుంది.

"శ్రీ" కుట్టేటప్పుడు ముందు "శ" ఒళ్ళు, తర్వాత గుడి దీర్ఘం, చివర క్రావడి. క్రావడి ముందు కుడితే పైదానికి చోటు మిగలదు. నేను పిల్లలకి ఇదే చెప్పేదాన్ని, ఒక్కరూ వినేవారు కాదు.

అక్షరం గుడ్డ మీద రాసుకోవడానికి కార్బన్ వాడకు. పట్టు మీద పడితే పోదు. వెనక పేస్టింగు మీద రాద్దామనుకుంటావేమో, అప్పుడు అక్షరం అద్దంలో మాదిరి తిరగబడుతుంది, ఎంతమంది ఏడ్చారో. బటర్ పేపరు మీద పెన్సిలుతో రాసి, పైన పెట్టి, కాగితంతో సహా కుట్టెయ్యి. అయ్యాక కాగితం చించి లాగేస్తే అక్షరం మిగులుతుంది. ఇరుక్కున్న ముక్కలు సూదిమొనతో తీసుకో.

గూడూరు కుర్రాడు

అక్కా, ఇంత కష్టం ఎందుకు? గ్లూ గన్ కొనుక్కో. అంచులకి గమ్ము, బొందుకి గమ్ము. 26 ఒక్క పూటలో అయిపోతాయి. అక్షరాలు కూడా ప్రింటు కొట్టించి ఇస్త్రీ పెట్టి అంటించేవి వస్తున్నాయి.

ఒంగోలు టీచరమ్మ

బాబూ, ఆ పిల్ల అడిగింది చేత్తో కుట్టమని. పైగా గ్లూ గన్ గమ్ము అసలే వేడికి కరిగేది. నెల్లూరు వైపు మే నెల ఎండలో కారు అద్దాలు మూసి బ్యాగు వదిలెయ్యి, సాయంత్రానికి చార్ము ఒక చోట, బొందు ఒక చోట ఉంటాయి. గమ్ము పట్టు ఇవతలికి ఇంకి నూనె మరక మాదిరి కనిపిస్తుంది కూడా.

గూడూరు కుర్రాడు

సరే టీచరమ్మా, ఒప్పుకున్నా 🙏

వెంకటగిరి మగ్గం

మాది మగ్గాల ఇల్లు. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ మా నాయన ఇప్పటికీ అడ్రసు చెప్పేటప్పుడు నెల్లూరు జిల్లా అనే అంటాడు, కాబట్టి ఇక్కడ మాట్లాడొచ్చనుకుంటున్నా.

అక్కా, పేస్టింగు వేసే ముందు ఒక చిన్న పని. ముక్క అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, మసి వేళ్ళ మధ్య పొడైపోతే పట్టు. కరిగి నల్లటి గట్టి ఉండ అయితే అది పాలియెస్టరు కలిసిన గుడ్డ. ఈ రోజుల్లో పరికిణీ పట్టు అని అమ్మేదంతా పట్టు కాదు. పాలియెస్టరు అయితే ఇస్త్రీపెట్టె వేడి తగ్గించు, లేకపోతే గుడ్డ ముడుచుకుపోయి ఇంక దేనికీ పనికిరాదు. నిలువు పోగు, అడ్డ పోగు రెండూ విడివిడిగా కాల్చు. ఒకటి పట్టు, ఇంకొకటి వేరేది ఉంటుంది చాలాసార్లు.

ఇంకోటి. గుండ్రంగా కత్తిరిస్తే అంచుని తిన్నగా లోపలికి మడవడం కుదరదు. పోగు వెంట తిన్నగా కత్తిరిస్తే మడత కూడా తిన్నగా పడుతుంది. గీత గీసుకోవడం కూడా అక్కర్లేదు. కావలసిన చోట ఒక్క పోగు సూదితో పైకి లేపి మెల్లగా లాగేస్తే గుడ్డలో సన్నటి దారి పడుతుంది, దాని వెంట కత్తెర నడిపించు. స్కేలు పెట్టి గీసినదానికంటే తిన్నగా వస్తుంది. అంచు దగ్గర జరీ పోగు మాత్రం లాగకు, చిట్లి వేలికి గుచ్చుకుంటుంది.

గుండ్రం వదిలేసి నలుచదరం చెయ్యొచ్చు కదా, నా సలహా.

దర్గామిట్ట ఆపా

పైన తమ్ముడు నలుచదరం అన్నాడు కాబట్టి నా మాట కూడా వినమ్మా. నీ అత్తగారు తాయెత్తు అన్నారని నవ్వుకున్నావు గానీ ఆమె చెప్పిన దాంట్లోనే నీకు కావలసింది ఉంది.

మాది నెల్లూరు, దర్గామిట్ట. మా దాదీ తాయెత్తులకు గుడ్డ కుట్టేది. రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర జనం కిటకిటలాడుతుంటే మా ఇంట్లో ఆమె చాప మీద కూర్చుని కుడుతూనే ఉండేది. నాకప్పుడు పదేళ్ళు, సూదిలోకి దారం ఎక్కించడం నా డ్యూటీ. లోపలి కాగితాన్ని ముందు మైనం పట్టించిన గుడ్డలో చుట్టేది, దాన్ని మోంజామా అంటారు, చెమటకి, స్నానానికి తడవకుండా. దాని పైన ఈ నలుచదరం గుడ్డ. ఏళ్ళ తరబడి పిల్లల మెళ్ళో, దండకి వేలాడేవి. ఒక్క పోగు బయటికొచ్చిన తాయెత్తు నేను చూడలేదు. ఆమెకి పేస్టింగు లేదు, ఇస్త్రీపెట్టె కూడా లేదు. మడత ఒక్కటే.

ఆ లెక్కన నీకు రెండంగుళాల చార్ము కావాలంటే, రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగున్నర పొడవు ముక్క తీసుకో. నాలుగు వైపులా పావంగుళం లోపలికి మడిచి గోటితో గీకి మడత నిలబెట్టు. మూలల్లో గుడ్డ గుట్ట పడుతుంది, కాబట్టి మడిచే ముందే నాలుగు మూలల కొసలు ఏటవాలుగా కొంచెం కత్తిరించెయ్యి. ఇప్పుడు నీ చేతిలో రెండు బై నాలుగు. మధ్యకి మడిస్తే రెండు బై రెండు. కోసిన అంచులు అన్నీ లోపలే ఉండిపోయాయి చూశావా? తిరగెయ్యడం లేదు, నోరు వదలడం లేదు, గుండ్రానికి గాట్లు పెట్టడం లేదు. మూడు వైపులా అంచుకి అంచు కలిపి చుట్టుకుంటూ పో. మూడో వైపు సగంలో దూది పెట్టి మిగతాది కుట్టెయ్యి. అక్షరం ముందే కుట్టుకోవాలి, టీచరమ్మ గారు చెప్పింది నిజం. నాలుగున్నరలో ఒక సగం మధ్యన పడాలి అక్షరం, ముక్క మొత్తానికి మధ్యలో కాదు. అక్కడ పొరపాటు పడితే అక్షరం మడతలోకి పోతుంది.

బొందు కూడా పైన అతికించకు. నాడా రెండు కొసలు కలిపి, అర అంగుళం లోపలికి పోయేటట్టు, మడతకి ఎదురుగా ఉన్న మూలలో పెట్టి, రెండు పొరల మధ్య ఇరికించి కుట్టు. అక్కడ సూది నాలుగైదు సార్లు వెనక్కీ ముందుకీ నాడాలోంచి దూరాలి. మూల నుంచి వేలాడితే వజ్రం ఆకారం వస్తుంది, కాబట్టి అక్షరాన్ని ఆ మూల పైకి ఉండేటట్టు ఏటవాలుగా రాసుకో. ఇది మర్చిపోతే 26 మంది పిల్లలూ మెడ వంచి చదువుకోవాలి.

మా దాదీ ముడి వేసేది కాదు. ఒకటే దారం రెండింతల పొడవు తీసుకుని మధ్యకి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించేది. అవతల కొసన ఉచ్చు మిగులుతుంది. మొదటి కుట్టు వేసి సూదిని ఆ ఉచ్చులోంచి దూర్చి లాగితే దారం తనకు తనే బిగుసుకుంటుంది. ముడి లేదు, ముడి జారిపోవడమూ లేదు. నీ రెండు పోగుల అక్షరానికి ఒక్క పోగు తీసుకుని ఇట్టా మడుచుకుంటే సరిగ్గా రెండు అవుతాయి.

కావలి పీకో

ఆపా, మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. "నేను చెప్పలా?" అని టీవీ ముందుకి పోయారు. ఆమె చెప్పింది ఏముందో నాకైతే అర్థం కాలేదు.

వెంకటగిరి తమ్ముడూ, కాల్చి చూశాను. నిలువు పోగు వెంట్రుకల వాసన, అడ్డ పోగు ఉండ కట్టింది. షాపులో పట్టు అని చెప్పే ఇచ్చారంట. మా ఆడబిడ్డకి చెప్పలేదు. ఫంక్షన్ అయ్యేదాకా చెప్పను.

టీచరమ్మ గారూ, అవును, ఆరు పోగులూ వేశాను.

నిన్న రాత్రి ఆపా చెప్పిన మడతతో ఒకటి కుట్టాను. పేస్టింగు కూడా వేశాను, సన్నటిదే, వేడి తక్కువ పెట్టి. రెండూ కలిస్తే మూలల్లో బాగా మందం అయిపోయి సూది దిగట్లేదు. రెండూ చెయ్యాలా, ఒకటి చాలా?

ఒంగోలు టీచరమ్మ

పేస్టింగు రెండు బై నాలుగు మాత్రమే కత్తిరించి మధ్యలో అంటించు, మడిచే పావంగుళం మీదకి రానివ్వకు. అక్షరానికి ఆసరా ఉంటుంది, మడత పల్చగా ఉంటుంది. ఆ ఆపా గారి మడత నాకు నచ్చింది. ముప్పై ఏళ్ళూ నేను తిరగేసి కుట్టడమే నేర్పాను, ఇది తట్టలేదు.

పొదిలి పిల్ల, బెంగళూరు

నేను కూడా ఇట్టాంటివే చేస్తుంటా, ఫెల్టు గుడ్డతో. ఫెల్టుకి పోగులే ఉండవు కాబట్టి ఈ బాధ లేదు, కోసి చుట్టూ కాజాకుట్టు వేస్తే అయిపోతుంది. కానీ మీ పాపకి తన పరికిణీ గుడ్డే కావాలంటే ఏం చేస్తాం.

నేను రెండు విషయాలే చెబుతా. దూది. మందుల షాపు దూది కూరితే తడిసినప్పుడు ఉండ కట్టి ఒక మూలకి పోతుంది. బూరుగు దూది అయితే పొడి పొడిగా గాల్లో లేచి మీ ఇల్లంతా పట్టేస్తుంది. పాత దిండులో ఫైబరు దూది ఉంటే అది వాడండి, పీచు పీచుగా విడదీసి కొంచెం కొంచెం పెట్టండి. మూలల్లోకి పెన్సిలు వెనక వైపుతో నెట్టండి, మొనతో కాదు.

రెండోది టైము. నాకు అక్షరంతో కలిపి ఒక్కోదానికి ముప్పావు గంట పడుతుంది. మీకు కొత్త కాబట్టి గంట అనుకోండి. 26 అంటే 26 గంటలు. పీకో పని, ఇంటి పని పోగా రోజుకి గంట దొరికినా దాదాపు నెల. కాబట్టి ఒక్కోటి పూర్తి చేసుకుంటూ పోకండి. ముందు కాగితాలన్నీ రాసుకుని, తర్వాత అక్షరాలన్నీ, తర్వాత మడతలన్నీ. ఒక లచ్చి 8 మీటర్లు, రెండు పోగుల చొప్పున విడదీస్తే 24 మీటర్ల దారం. అక్షరానికి అర మీటరు వేసుకున్నా ఒక్క లచ్చి సరిపోతుంది, పది కొనేయకండి.

డబ్బుల గురించి అడగలేదు గానీ చెప్తా. బయటి వాళ్ళకైతే నేను ఒకటి 80 తీసుకుంటా. ఆడబిడ్డ దగ్గర కూలి అడగలేరు, నాకు తెలుసు. ఆ 26 గంటల్లో మానేసిన పీకో చీరలెన్నో మాత్రం ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. చూపించక్కర్లేదు. మీకోసం.

చంటిపిల్లలు వస్తుంటే వాళ్ళకి ఇవ్వకండి. నోట్లో పెట్టుకుంటారు. పూసలు, గజ్జెలు అసలొద్దు.

కావలి పీకో

ఇరవై రోజుల తర్వాత వస్తున్నా, మన్నించండి. ఫంక్షన్ మొన్న ఆదివారం అయిపోయింది.

26 కుట్టాను. చివరి నాలుగు ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా. మొదటి మూడు అక్షరాలూ విప్పేశాను. నాలుగో దానికి చెయ్యి కుదిరింది. కాడకుట్టు గమ్మత్తుగా ఉంది టీచరమ్మ గారూ, దారం నా వైపే పడి ఉందా లేదా అని చూసుకుంటూ పోతే చాలు, అక్షరం దానంతట అదే తాడు పేనినట్టు వస్తుంది. ముద్దపసుపు దారం వాడాను. చిలకపచ్చ మీద అది వెలిగిపోయింది. "శ్రీ"లు నాలుగూ మీరు చెప్పిన వరసలోనే కుట్టాను. మూడోదానికి మాత్రం తెలివి ఎక్కువై క్రావడి ముందు కుట్టాను. మీరు చెప్పినట్టే పైన చోటు మిగల్లేదు. దాన్ని కూడా విప్పాను. "జ్ఞా"కి రెండు రోజులు భయపడి చివరికి ఒక్క పోగుతో కుట్టాను, అన్నిటికంటే అదే బాగా వచ్చింది.

ఆపా, బొందు మూల దగ్గర పట్టుకుని మా వాడితో గట్టిగా లాగించాను. నాడా సాగింది గానీ కుట్టు కదల్లేదు. ముడి లేని మొదలు నాకు ఇప్పుడు హుక్కులు కుట్టేటప్పుడు కూడా అలవాటైపోయింది. అక్షరాన్ని ఏటవాలుగా రాసుకోవడం ఒకదానికి మర్చిపోయాను. "హా". దాని నాడా మూలలో పెట్టకుండా తిన్నగా పైన అంచు మధ్యలో పెట్టేశాను, ఆ ఒక్కటీ వజ్రం కాకుండా కిటికీ మాదిరి వేలాడుతుంది.

అసలు సంగతి వినండి. తాంబూలాలు ఇచ్చేటప్పుడు పాప ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ళ అక్షరం వాళ్ళకి ఇచ్చింది. భోజనాలయ్యేసరికి చూస్తే ఎవరి అక్షరం వాళ్ళ దగ్గర లేదు! "ర" పిల్ల బ్యాగుకు "మ" ఉంది. "మ" పిల్ల దగ్గర "శ్రీ". ఏందమ్మా ఇది, నేను నెల రోజులు కళ్ళు పోగొట్టుకుని ఎవరి పేరు వాళ్ళకి కుడితే అంటే, "ఆంటీ, మన అక్షరం మనం ఎందుకు తగిలించుకుంటాం, ఫ్రెండ్‌ది తగిలించుకోవాలి కదా" అన్నారు. ఆ కిటికీ "హా" కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు, అది ఒక్కటే వేరుగా ఉందని.

మా అత్తగారు అవి మార్చుకోవడం చూసి, "రొట్టెల పండగలో రొట్టెలు మార్చుకున్నట్టు ఉందే" అన్నారు. మరి తాయెత్తు అనలేదు.

పొదిలి చెల్లీ, కాగితం మీద రాశాను. 31 చీరలు వదులుకున్నాను. ఆడబిడ్డకి చూపించలేదు. కానీ ఫంక్షనుకి వచ్చిన ఒక పిల్ల వాళ్ళ అమ్మ ఫోన్ చేసి పుట్టినరోజుకి 12 కావాలంది. 80 అని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు తడబడింది. ఆమె సరేనంది.

ఆమెకి లేత గోధుమరంగు నూలుగుడ్డ మీద ఎర్రదారం కావాలంట. ఎరుపు రంగు దిగుతుందేమోనని భయంగా ఉంది. ముందే తెలుసుకోవడం ఎట్టా?

ఒంగోలు టీచరమ్మ

మూరెడు దారం వేడినీళ్ళలో నానబెట్టి తీసి, తెల్లగుడ్డ మడతలో పెట్టి ఇస్త్రీ చెయ్యి. గుడ్డకి ఎరుపు అంటితే ఆ లచ్చి పక్కన పెట్టి వేరేది తెచ్చుకో. అంటకపోతే ధైర్యంగా కుట్టు. రెండే పోగులు, గుర్తుందిగా.